తోబుట్టువు వాటా

అన్నదమ్ములారా, ఈ మాటలు మీతోనే. తండ్రి కాలం చేసి, పెద్దకర్మ ముగిసి, చుట్టాలు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిన తరువాత, బీరువాలోంచి భూమి కాగితాల సంచి బయటికి తీసే ఘడియ ప్రతి ఇంటికీ ఒకటి వస్తుంది. ఆ గదిలో పార్లమెంటు ఉండదు, న్యాయమూర్తి ఉండడు, పోలీసు ఉండడు. ఉండేది మీరు, మీ తల్లి, మీ అక్కచెల్లెళ్లు. ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు ఉందని ఈ దేశం ఎన్నిసార్లు ఎన్ని పుస్తకాల్లో రాసుకున్నా, ఆ రాత బతికేదీ చచ్చేదీ ఆ గదిలోనే. అందుకే చట్టాన్ని గురించి చెప్పవలసిన మాట నల్లకోటు వేసుకున్న వాళ్లకంటే ముందు మీకు చెప్పాలనుకున్నాను.

చట్టం ఏమంటున్నదో మొదట వినండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుక్కు ఎంతో కూతురికీ అంతే. భార్యకూ అంతే. ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడకూ అంతే. ఇది ఏడు దశాబ్దాల నాటి మాట. అయితే పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం ఆ చట్టం కొడుకులకే ఉంచింది. ఉమ్మడి ఇంట్లో మగ వారసులు తమంతట తాము పంచుకుంటే తప్ప, ఆ ఇంటిని పంచమని అడిగే అధికారం ఆడపిల్లకు లేదన్నది. పెళ్లి కానిదైతే, మొగుడు వదిలేసినదైతే, వితంతువైతే ఆ ఇంట్లో తల దాచుకోవచ్చునన్నది. పుట్టి పెరిగిన ఇంట్లో కాలు పెట్టడానికి ఆమె తనకు జరిగిన ఏదో ఒక కీడును రుజువుగా చూపించవలసి వచ్చేది.

ఈ అన్యాయాన్ని ముందుగా సరిదిద్దిన రాష్ట్రాల్లో మనది ఒకటి. కేరళ 1975 నాటి చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి పద్ధతినే తీసివేసింది. ఆ పద్ధతిని ఉంచుతూనే కూతురికి అందులో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. నందమూరి తారకరామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ తరువాత ఈ దారిన నడిచాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా అదే న్యాయమైంది. ఆ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న పేచీని కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చివేసింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చింది గనుక తండ్రి ప్రాణంతో దానికి ముడి లేదని చెప్పింది.

మన రాష్ట్రం ఇచ్చిన హక్కులో ఒక మెలిక ఉండేది. 1985కు ముందే పెళ్లయి వెళ్లిన కూతురికి ఆ హక్కు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో 1984లో అత్తవారింటికి వెళ్లిన అక్క పరాయిదైంది, 1986లో పెళ్లయిన చెల్లెలు వాటాదారు అయింది. శాసనాలు చేసేవారు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు, నిజమే. కానీ ఆ గీత ఒక ఇంటి నట్టింట ఎలా పడిందో చూడండి. ఆ అక్కాచెల్లెళ్లు పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుని ఉంటారో ఊహించండి. 2005లో వచ్చిన కేంద్ర చట్టం ఆ గీతను చెరిపివేసింది.

ఇక కాగితాల మీద నుంచి లేచి, ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసైనా సరే, దాని ముందున్న చెట్టు కింద కాసేపు నిలబడండి. అక్కడ దస్తావేజు లేఖరి బల్ల దగ్గర ముగ్గురు నలుగురు ఆడవాళ్లు పట్టుచీరల్లో కూర్చుని ఉంటారు. అందులో ఒకామె తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. అన్నగారు టిఫిను పెట్టించాడు. వదిన కొత్త చీర, జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టి తెచ్చింది. లేఖరి గబగబా చదువుతాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పున ఫలానా వారి మాగాణి, దక్షిణాన పంట బోదె, ఆ తరువాత ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి ఇష్టంతో, సోదరుడి మీద ప్రేమాభిమానాలతో తన హక్కు వదులుకుంటున్నట్టు ఒక వాక్యం. ఆ వాక్యం ఆమెది కాదు. నిన్న వచ్చిన ఇంకొక ఇంటి ఆడపడుచు కాగితంలోనూ అదే ఉంది. "ఇక్కడొకటి, ఇక్కడొకటి అమ్మా" అని లేఖరి వేలు చూపిస్తాడు. ఆమె చూపు కాగితం మీద ఉండదు. అన్నగారి మొహం మీద ఉంటుంది. కెమెరా ముందు కూర్చుంటుంది, వేలిముద్ర వేస్తుంది. "సంతోషమేనా అమ్మా" అని ఎవరైనా అడిగితే తల ఊపుతుంది. దాని పేరు హక్కు విడుదల దస్తావేజు. చట్టం దృష్టిలో అందులో ఒక్క దోషం కూడా లేదు.

సోదరులారా, శాసనం ఒకటి చెప్పి లోకం ఇంకొకటి నడిపించే ఈ స్థితిని వంద సంవత్సరాల క్రితమే ఒక పండితుడు తరచి చూశాడు. యూజెన్ ఎర్లిక్ అని, ఆస్ట్రియా సామ్రాజ్యపు తూర్పు అంచున బుకొవినా అనే సీమలో, చెర్నోవిట్జ్ నగరంలో న్యాయశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఇప్పుడా ఊరు ఉక్రెయిన్‌లో ఉంది. అర్మేనియన్లు, జర్మన్లు, యూదులు, రుమేనియన్లు, రుథేనియన్లు, ఇంకా ఎందరో పక్కపక్కనే బతికిన సీమ అది. అందరికీ చట్టం ఒక్కటే, 1811 నాటి ఆస్ట్రియా సివిల్ కోడ్. ఆ కోడ్ ప్రకారం బిడ్డ సంపాదన బిడ్డదే. కానీ బుకొవినాలోని రుమేనియన్ రైతు ఇంట్లో ఎదిగిన కొడుకు కూలి డబ్బు తెచ్చి తండ్రి చేతిలో పోసేవాడు. తండ్రి దాన్ని తన సొమ్ముగానే వాడుకునేవాడు. అలా కాకూడదని చట్టంలో ఉందని ఎవరైనా చెబితే ఆ ఇంట్లో వాళ్లు విస్తుపోయేవారు. 1913లో అచ్చయిన తన గ్రంథంలో ఎర్లిక్ ఈ సంగతి రాసి, మనుషులను నిజంగా నడిపించేది శాసనసభల్లోనూ కోర్టుల్లోనూ పుట్టే చట్టం కాదన్నాడు. కుటుంబం, కులం, సంఘం, బజారు తమలో తాము కట్టుబడి ఉండే నియమాలే బతికున్న చట్టమని, న్యాయాన్ని చదవదలచినవాడు ముందు ఆ జనాన్ని చదవాలని చెప్పాడు.

ఎర్లిక్ చూసింది తండ్రీకొడుకుల మధ్య. మన దగ్గర అదే అన్నాచెల్లెళ్ల మధ్య జరుగుతున్నది. ఢిల్లీలో అచ్చయిన చట్టం ఒకటి, మన వీధి అరుగు మీద అమల్లో ఉన్న చట్టం ఇంకొకటి. ఆ రెండో దానికి గెజెట్ లేదు, సెక్షన్లు లేవు, అయినా దాన్ని ఉల్లంఘించిన ఆడపడుచుకు శిక్ష తప్పదు. ఆమె పుట్టింటికి పిలుపు ఉండదు. మేనకోడలి ఓణీల ఫంక్షనుకు కార్డు వస్తుంది, మనిషి రాదు. "ఆస్తికి ఆశపడింది" అన్న మాట ఆమె కంటే ముందు ఆమె అత్తవారి ఊరు చేరుతుంది. చట్టాన్ని సమాజ కోణం నుంచి చూసినవాళ్లు దీన్నే మనకు గుర్తు చేశారు. శిక్షించే శక్తి ప్రభుత్వం ఒక్కదానికే ఉన్నదనుకోవడం పొరపాటు. జైలు కంటే వెలివేతకే మనిషి ఎక్కువ భయపడతాడు. ఒక సంఘాన్ని కట్టి ఉంచే బంధం కంటికి కనిపించదు గనుక దాని చట్టాలను చూసి ఆ బంధాన్ని గుర్తుపట్టాలని ఫ్రాన్సులో ఎమీల్ దుర్ఖైమ్ 1893లో రాశాడు. ఆ మాట ప్రకారమే చూద్దాం. అన్న భాగం అడక్కుండానే వచ్చి, చెల్లెలి భాగం అడిగితే నేరమయ్యే ఇంట్లో కట్టి ఉంచుతున్న బంధం ఏమిటి? దాన్ని అనురాగమని పిలవడానికి నాకు మనసొప్పదు.

అయితే చట్టం వట్టి కాగితమేనా అంటే, కాదు. మన రాజమహేంద్రవరంలోనే దీనికి సాక్ష్యం ఉంది. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చునని 1856లోనే చట్టమైంది. దానికోసం ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు బెంగాలులో ఎంత శ్రమ పడ్డాడో చదువుకున్నవాళ్లకు తెలుసు. కానీ ఆ చట్టం ఆసరాతో తెలుగునాట తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కింది 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం జరిపించినది. ఇరవై అయిదేళ్లు. ఆ ఇరవై అయిదేళ్లూ చట్టం ఉంది, పిల్లలు వితంతువులై గుండుతో మూలగదుల్లో కూర్చునే ఉన్నారు. చట్టం వాళ్ల గుమ్మం దాకా నడిచి రాలేదు. ఎవరో ఒకరు వెళ్లి చెయ్యి పట్టుకుని దాన్ని తీసుకురావలసి వచ్చింది.

తెచ్చినవాళ్లు చెల్లించిన మూల్యం చూడండి. బహిష్కారం పడింది. పురోహితులు తప్పుకున్నారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ ఇంటి గడప తొక్కబోమన్నారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, తానే వండి వడ్డించారు. వీరేశలింగం గారి ఉపన్యాసాలు, 1874లో మొదలైన ఆయన 'వివేకవర్ధని' పత్రిక, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారి ధనసహాయం, తోడు నిలిచిన విద్యార్థుల ధైర్యం, ఇవన్నీ ముఖ్యమే. కానీ ఆ చట్టాన్ని తెలుగు నేల మీద నిలబెట్టినది ఆ తల్లి భుజాన ఉన్న బిందె అని నా నమ్మకం. ఒక ఇల్లాలు తన వంటింట్లో, తన నీళ్లతో, తన పరువును పణంగా పెట్టి అమలు చేసిన రోజున ఆ సెక్షను ఆచారమయ్యే దారిలో పడింది. ఆమె అమలు చేసినది తన సొంత లాభం కోసం కూడా కాదు. ఎవరి బిడ్డలకో పెళ్లి చేయడానికి చేసింది.

ఆ 1856 చట్టాన్ని పొగిడి ఊరుకుంటే సత్యం సగమే చెప్పినవాడినవుతాను. దాని రెండో సెక్షను, మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తిలో తన హక్కు కోల్పోతుందని చెప్పింది. పై కులాల ఆచారాన్ని మనసులో పెట్టుకుని రాసిన మాట అది. మన పల్లెల్లో ఎన్నో కులాల్లో మారుమనువు తరతరాలుగా ఉన్నదే, దానికి ఏ చట్టం అనుమతీ అక్కర్లేదు. అలాంటి కులాల ఆడవాళ్లకు కూడా ఈ సెక్షను చుట్టుకుంది. వాళ్ల ఆచారం ఏదైనా సరే, మళ్లీ పెళ్లాడితే ఆస్తి పోవలసిందేనని మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు అన్నాయి. ఆచారం ఒప్పుకున్న చోట ఆ నష్టం వర్తించదని అలహాబాదు హైకోర్టు ఒక్కటే వేరుగా నిలిచింది. ఎవరి కన్నీళ్లు తుడవడానికో చేసిన చట్టం, ఎవరినీ అడక్కుండా, ఇంకొకరి పొలం లాక్కుంది. జనం బతుకు చదవకుండా చట్టం రాసేవారికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక నాకు తెలియదు. ఆస్తి కావాలో తోడు కావాలో తేల్చుకొమ్మని ఆడదాన్ని అడగడం మన సంఘానికి ఎంత పాత అలవాటో కూడా అందులో ఉంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందున్న చెల్లెలిని మీరు అడుగుతున్నది కూడా అదే ప్రశ్న. పొలం కావాలా, పుట్టిల్లు కావాలా అని.

మీ వైపు మాటలు నాకు తెలియనివి కావు. గౌరవంతోనే ఒక్కొక్కటీ విన్నాను, గౌరవంతోనే బదులు చెబుతాను.

కట్నం ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమని ఆంధ్రప్రదేశ్ 1958లోనే చట్టం చేసుకుంది, దేశం 1961లో చేసింది. నేరంగా ఇచ్చినదాన్ని న్యాయంగా ఇవ్వవలసిన దానికి చెల్లువేస్తే ఏ లెక్కలో చెల్లుతుంది? పైగా అది ఎవరి చేతికి వెళ్లింది? ఆ చట్టంలోనే, కట్నం ఎవరు పుచ్చుకున్నా దాన్ని ఆ ఆడపిల్లకే అప్పగించాలని ఉంది. అప్పగించిన ఇల్లు మీ ఎరుకలో ఉంటే చెప్పండి. మీరిచ్చిన సొమ్ముతో ఆమె మామగారు అప్పు తీర్చాడు, ఆడబిడ్డ పెళ్లి చేశాడు, మేడ మీద గది వేశాడు. ఆమె పేరున ఒక్క సెంటు లేదు. రెండు ఇళ్ల మధ్య డబ్బు నడిచిపోయింది, ఆమె ఆ డబ్బు నడిచిన వంతెన మాత్రమే. పసుపు కుంకుమ కింద ఒక ఎకరం రాసిన తండ్రులు లేకపోలేదు. వారికి నమస్కారం. ఆ ఎకరం ఆమె పేరున రిజిస్టరు అయి, కౌలు ఆమె చేతికి వస్తున్నదైతే దాన్ని లెక్కలో వేసుకోండి, తప్పు లేదు. నోటిమాటగా చెప్పి మీరే దున్నుకుంటున్నదైతే వేసుకోకండి.

అమ్మానాన్నలను మేమే చూసుకున్నాం అంటారు. నిజంగా చూసుకుంటే మీకు పుణ్యముంటుంది, ఆ సేవను ఎవరూ తక్కువ చేయరు. కానీ మంచం పట్టిన అత్తగారికి పక్క మార్చింది, మందులు వేసింది మీ భార్య. ఆమె ఇంకొకరి ఆడపడుచు. తన పుట్టింట ఆమె కూడా సంతకం పెట్టి వచ్చింది. చేసిన సేవకు ప్రతిఫలం ఆస్తి అనుకుంటే ఆ వాటా మీ పేరున కాదు, ఆమె పేరున రాయాలి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం తల్లిదండ్రులను పోషించే బాధ్యతను కొడుకు, కూతురు అని తేడా లేకుండా ఇద్దరి మీదా పెట్టింది. బాధ్యత సమానంగా మోయమన్న చోట హక్కు సమానంగా పంచడానికి వెనకాడటం ఏ ధర్మం?

భూమి ముక్కలైపోతుందంటారు. ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ముక్కలు కాలేదా? అప్పుడు రాని బెంగ ఆడపిల్ల వచ్చేసరికి ఎందుకు వస్తున్నది?

ఇక చివరి మాట, అన్నిటికంటే బరువైనది. "చెల్లెలే వద్దంది" అంటారు. ఆమె నోటితో అన్నది నిజమే కావచ్చు. ఎందుకన్నదో ఆలోచించండి. అత్తవారింట మాట పడితే, చెయ్యి పడితే, అర్ధరాత్రి పిల్లల్ని తీసుకుని వెళ్లగలిగిన చోటు ఆమెకు ఒక్కటే ఉంది, అది మీ ఇల్లు. ఆ తలుపు మూసుకుపోతుందేమోనన్న భయంతో ఆమె పొలం ఇచ్చి ఆ తలుపును కొనుక్కుంటున్నది. దాన్ని ప్రేమకానుక అని కాగితం మీద రాయించుకోవడానికి చెయ్యి ఎలా వస్తున్నదో నాకు అర్థం కాదు. తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసిన ఒక పరిశీలన 2005లో అచ్చయింది. భూమి గాని ఇల్లు గాని తన పేరున లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. రెండూ ఉన్నవాళ్లలో ఆ మాట అన్నది 7 శాతం. ఇంకొకరి జిల్లా లెక్క అని పక్కన పెట్టకండి. తన పేరున ఇల్లున్న ఆడదాని మీద చెయ్యి ఎత్తేముందు మగవాడు ఒక్క క్షణం ఆగుతాడన్నది ఏ జిల్లాలోనైనా మీకు తెలిసిన సంగతే. మీ తోబుట్టువు వాటా ఆపుతున్నప్పుడు మీరు ఆపుతున్నది ఎకరం పొలాన్ని మాత్రమే కాదు, ఆమెకూ ఆ దెబ్బకూ మధ్య నిలబడవలసిన గోడను.

పంచడానికి ఏమీ లేని ఇళ్లు కోకొల్లలని నాకు గుర్తుంది. ఆస్తి చట్టాలు ఆస్తి ఉన్నవాళ్లతోనే మాట్లాడతాయని, చట్టం వెనుక ఎవరి ప్రయోజనం ఉన్నదో చూడమని కార్ల్ మార్క్స్ దారిలో ఆలోచించినవాళ్లు అడిగే ప్రశ్న ఊరికే తోసిపుచ్చదగ్గది కాదు. సెంటు భూమి లేని కూలి కుటుంబంలో అన్నా చెల్లెలూ ఇద్దరూ సమానమే, సమానంగా ఖాళీ చేతులతో. గిరిజన కుటుంబాలకు ఈ వారసత్వ చట్టం అసలు వర్తించనే వర్తించదు, దాని రెండో సెక్షనే వారిని పక్కన ఉంచింది. ఆ అన్యాయాలు వేరే చర్చ కోరేవి. కానీ అవి ఉన్నాయి కదా అని, పదెకరాలున్న ఇంటి అన్న తన చెల్లెలి మూడెకరాలు ఉంచుకోవడానికి వాటిని అడ్డం పెట్టుకోకూడదు.

శాస్త్రం ఒప్పుకోదని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గనుక ఒక్క మాట. ఉమ్మడి ఆస్తి విషయంలో తెలుగునాట ప్రమాణంగా నడిచింది యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. పదమూడో శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆ స్మృతి సంప్రదాయం కూడా, సోదరులు తమ భాగాల్లోంచి నాలుగో వంతు తీసి పెళ్లి కాని తోబుట్టువుకు ఇవ్వాలన్నది. ఇవ్వనివాడు పతితుడవుతాడని యాజ్ఞవల్క్యుడికి ముందే మనువు హెచ్చరించాడు. అంటే పాతకాలపు శాస్త్రం కూడా ఆడపిల్లను వట్టి చేతులతో వదల్లేదు. ఆ పాతికకు కూడా చీర పెట్టి సరిపెట్టింది మన అలవాటే.

తండ్రులారా, మీతోనూ ఒక మాట ఉంది. ఆడపిల్లకు వాటా వస్తుందని తెలిసిన రోజు నుంచి బతికుండగానే కొడుకుల పేర సెటిల్‌మెంటు రాసేవాళ్లు, వీలునామాలో కూతురి పేరు వదిలేసేవాళ్లు పెరిగారు. రాష్ట్రాలు చేసిన ఈ సవరణల ఫలితాన్ని పరిశీలించిన ఆర్థికశాస్త్ర పరిశోధనలో కూడా ఇదే కనిపించింది. తండ్రులు భూమిని కొడుకులకు ముందే దానంగా రాసి, కూతుళ్లకు చదువుతోనో పెద్ద కట్నంతోనో సరిపుచ్చుతున్నారని తేలింది. చదివించడం మంచిదే. కానీ కొడుకునూ చదివించారు కదా. స్వార్జితాన్ని ఇష్టం వచ్చినవారికి రాసే స్వేచ్ఛ చట్టం మీకు ఇచ్చింది. ఆ స్వేచ్ఛ ఇచ్చినప్పుడు చట్టం మీ మనసును నమ్మింది. కూతురు పుట్టిన రోజున ఇంటికి లక్ష్మి వచ్చిందని వీధంతా చెప్పుకున్న మీరు, వీలునామా రాసే రోజున ఆమెను మరచిపోతే ఏ కోర్టూ మిమ్మల్ని ఏమీ అనదు. అనలేదు. మీ మనవరాలు ఒకనాడు ఆ కాగితం చదువుతుంది.

ఎవరూ ఏమీ అనలేని చోట తనంతట తాను వెనక్కి తగ్గిన రాజు ఒకడు మన నేల మీదే ఉన్నాడు. బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అప్పటిదాకా ఓ రివాజు ఉండేది. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏవైనా సరే ఆ తీరాన్ని ఏలే రాజువి. ఏ వర్తకుడూ అడగలేడు, అడిగినా ఇప్పించేవాడు లేడు. గణపతిదేవుడు ఆ రివాజును వదులుకున్నాడు. కష్టానికి ఓర్చి సముద్రం మీద వచ్చే మనుషులకు ప్రాణం కంటే ధనం ముఖ్యమని గ్రహించి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాతి మీద చెక్కించాడు. ఆయన మీద పైఅధికారి ఎవరూ లేరు. ఆ సొమ్ము అప్పటికే ఆయన చేతి కింద ఉంది. అయినా అది తనది కాదని తానే అన్నాడు, అందరూ చదివేలా అన్నాడు. నన్ను ఈనాటికీ కదిలించేది అదే. బలహీనుడి సొమ్ము బలవంతుడి చేతిలో పడి ఉన్నప్పుడు, ఆ బలవంతుడు తనంతట తాను గీత గీసుకుని వెనక్కి తగ్గిన ఘడియలో పుట్టినది అసలైన చట్టం. మీ చెల్లెలి వాటా కూడా మీ చేతి కిందే పడి ఉంది. దున్నుతున్నది మీరు, పాసుపుస్తకం ఉన్నది మీ బీరువాలో.

గ్రామ రెవెన్యూ అధికారులారా, తహశీల్దారులారా, దస్తావేజు లేఖరులారా, వకీళ్లారా, మీ వృత్తికీ ఒక విన్నపం. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం రాసేటప్పుడు "ఆడపిల్లలకు పెళ్లిళ్లయిపోయాయండీ" అంటే పేరు వదిలేయకండి. పెళ్లి వారసత్వాన్ని తీసివేయదని మీకు తెలుసు. ఫౌతీ మార్పిడి విచారణకు వెళ్లినప్పుడు కొడుకుల దగ్గరే వాంగ్మూలం తీసుకుని తిరిగి రాకండి. హక్కు విడుదల కాగితం చదివేటప్పుడు నిదానంగా చదవండి, ఆ భూమి ఈనాటి ధర ఎంతో ఆమె వినేట్టు చెప్పండి, అన్నగారిని ఒక్క అయిదు నిమిషాలు బయట కూర్చోమనండి. ఆ అయిదు నిమిషాల్లో ఆమె ఏమంటుందో వినండి. కూతురికి ఆస్తి హక్కు ఇవ్వదలచిన హిందూ కోడ్ బిల్లు నిలిచిపోయినప్పుడు, 1951లో, డాక్టర్ అంబేడ్కర్ కేంద్రమంత్రి పదవినే వదులుకుని బయటికి వచ్చాడు. ఆయన పదవి వదిలినది దేనికోసమో, దానికి మీరు ఇవ్వవలసినది అయిదు నిమిషాలు.

అక్కల్లారా, చెల్లెళ్లారా, అడగడం ఆశ కాదు. మీ అన్న పుట్టుకతో తీసుకున్నదాన్నే మీరు అడుగుతున్నారు. కోపంతోనో నోటీసుతోనో మొదలు పెట్టవద్దు, అమ్మ ఎదుట, అందరూ ఉన్నప్పుడు, స్పష్టంగా అడగండి. అమ్మకూ ఒక వాటా ఉందని ఆ గదిలో మీరే మొదట చెప్పండి. ఎందుకంటే ఆ సంగతి ఆమెకు చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఆమె కొడుకుల ఇళ్ల మధ్య నెలల లెక్కన తిరగవలసిన మనిషి అయిపోయేది అందుకే.

అన్నదమ్ములారా, మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను, పని మీ చేతిలో ఉంది గనుక. కాగితాల సంచి విప్పే రోజున లేఖరిని పిలవకముందు తోబుట్టువుల్ని పిలవండి. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, బ్యాంకులో ఉన్నది, అప్పు ఉన్నది, అన్నీ వాళ్ల ముందు పరచండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకోమనండి. వాటాలు వేసేటప్పుడు రోడ్డు పక్క పొలం మీకూ, కాలువ అందని మెరక ఆమెకూ రానివ్వకండి. చీటీలు వేయండి, ఆమెను ముందు తీయమనండి. ఆమె మొహమాటంతో "నాకెందుకన్నయ్యా, నువ్వే ఉంచుకో" అంటే వెంటనే ఒప్పుకోకండి. ముందు ఆ భాగం ఆమె పేరున రిజిస్టరు చేయించి, పాసుపుస్తకం ఆమె చేతిలో పెట్టి, ఒక పంట కౌలు ఆమెకు లెక్క చూసి ఇవ్వండి. అప్పటికీ తిరిగి ఇచ్చేయాలనిపిస్తే, ఆ మాట ఆమెను అప్పుడు అననివ్వండి.